మా వైఫైలో ఎవరున్నారో కనుక్కోవడానికి పదకొండు రోజులు పట్టింది: నా అనుభవం

జూన్ 2, సోమవారం మధ్యాహ్నం మా నెట్ వాళ్ళ నుంచి మెసేజ్ వచ్చింది, ఈ నెల డేటాలో 90 శాతం వాడేశారని. మాది నెలకు 500 జీబీ ప్లాన్, జీఎస్టీతో కలిపి 589 రూపాయలు, 15వ తేదీన మొదలై మళ్ళీ 14తో అయిపోతుంది. మూడేళ్ళుగా ఇదే ప్లాన్, ఏ నెలా సగం దాటింది లేదు. అందుకే నమ్మలేదు, ఏదో మోసం మెసేజ్ అనుకుని పక్కన పడేశాను. జూన్ 4, బుధవారం పొద్దున చూస్తే స్పీడ్ 2 ఎంబీపీఎస్‌కి పడిపోయి ఉంది.

మేముండేది తిరుపతి బైరాగిపట్టెడలో. కింద మేము, పైన చిన్న పోర్షన్ యూనివర్సిటీలో చదువుకునే ఇద్దరు పిల్లలకు బాడుగకిచ్చాం. నేను చెన్నైలోని ఒక ఆఫీసుకి ఇంటి నుంచే మెడికల్ బిల్లింగ్ పని చేస్తాను, రాత్రి ఏడున్నర నుంచి తెల్లవారుజామున నాలుగున్నర దాకా. నెట్ లేకపోతే ఆ రాత్రి జీతం లేదు, అంతే. ఆ బుధవారం రాత్రి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, డేటా ప్యాక్ వేయించుకుని సగం పని చేశాను. గురువారం రాత్రి అది కూడా కుదరక మధ్యలో లాగౌట్ అయిపోయాను.

అప్పుడు గుర్తొచ్చింది, మే నెలలో మా వదిన వాళ్ళకు మూడొందల దర్శనం టికెట్లు తీయాలని పొద్దున పది గంటలకు కూర్చుంటే పేజీ తిరుగుతూనే ఉండిపోయింది. వరసలో నా వంతు వచ్చేసరికి మేం అడిగిన తేదీలు అయిపోయాయి. సైట్ మీద రద్దీ అనుకున్నాను అప్పుడు. వదిన అనంతపురంలో తన ఫోన్ మీద అదే పది గంటలకు లోపలికి వెళ్ళగలిగిందట, కానీ నేను తీస్తున్నానని తను ఆపేసింది. ఇప్పుడు ఆలోచిస్తే సమస్య సైట్‌ది కాదు, మా ఇంట్లో నెట్‌ది. నెల రోజుల పాటు సాయంత్రమైతే నెమ్మదిస్తోందని తెలిసి కూడా ఎండాకాలం, కరెంటు హెచ్చుతగ్గులు, ఇలా ఏదో ఒకటి చెప్పుకుంటూ వచ్చాను.

బుధవారం ఫోన్ చేస్తే నెట్ కుర్రాడు శుక్రవారం, అంటే జూన్ 6న వచ్చాడు. వైరు చూశాడు, లైట్లు చూశాడు. "లైన్ బాగానే ఉండాదక్కా, మీ వాడకమే ఎక్కువ ఉండాది" అని తన ఫోన్‌లో మా లెక్క చూపించాడు. మే 15 నుంచి రోజుకు దాదాపు 25 జీబీ. మా ఇంట్లో ఎవరు వాడతారు అంత? సెలవులు కాబట్టి మావాడు ట్యాబ్‌లో కార్టూన్లు చూస్తాడు, అత్తయ్య సాయంత్రం సీరియల్ చూస్తుంది, నా పనికి పెద్దగా డేటా పట్టదు. "వేరేవాళ్ళెవరైనా కలిసుంటారక్కా, రౌటర్ లోపలికి పోయి చూసుకోండి" అన్నాడు. ఎట్లా చూసేది అంటే 192.168.1.1 అని ఒక కాగితం మీద రాసిచ్చి, పక్క వీధిలో ఇంకో కంప్లయింట్ ఉందని వెళ్ళిపోయాడు. 118 రూపాయలు కట్టి 100 జీబీ టాప్‌అప్ వేయించుకున్నాను, రాత్రి పని నడవాలి కదా.

శనివారం పొద్దున ఆ నంబర్ కొట్టాను. మొదట ఫోన్‌లో తెరుచుకోలేదు. మొబైల్ డేటా ఆన్‌లో ఉండటం వల్ల ఫోన్ అటు వెళ్ళి వెతుకుతోందని తర్వాత తెలిసింది, డేటా ఆపేసి వైఫై ఒక్కటే ఉంచితే వెంటనే వచ్చింది. 'సురక్షితం కాదు' అని ఎర్రగా హెచ్చరిక వస్తుంది, భయపడి వెనక్కి వచ్చేశాను. కానీ అది మన ఇంట్లో పెట్టె పేజీయే, అలాగే వస్తుంది, ముందుకెళ్ళొచ్చు. అందరి రౌటర్‌కీ ఇదే నంబర్ ఉండదు, కొన్నిటికి 192.168.0.1 ఉంటుంది. ఫోన్‌లో మన వైఫై పేరు మీద నొక్కితే వివరాల్లో 'గేట్‌వే' అని కనిపించేదే అసలు నంబర్.

లోపలికి వెళ్ళాలంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. అవి రౌటర్ వెనక స్టిక్కర్ మీద ఉంటాయి. మా రౌటర్ హాల్లో కిటికీ పక్కన, స్విచ్‌బోర్డు పైన మేకుకు వేలాడుతోంది, స్టిక్కర్ గోడ వైపు. మా ఆయన స్టూల్ ఎక్కి బూజు దులిపి, సన్నటి వైరు ఎక్కడ విరిగిపోతుందోనని పట్టుకుని మెల్లగా తిప్పితే నేను టార్చ్ వేసి చదివాను. అందులో ఉన్న పాస్‌వర్డ్ పని చేయలేదు. మూడుసార్లు తప్పు కొట్టాక ఒక నిమిషం ఆగమంది. కనెక్షన్ ఇచ్చిన రోజే వాళ్ళు దాన్ని మార్చేశారట. అది చెప్పడానికి కూడా వాళ్ళకు సోమవారం దాకా తీరలేదు. ఆదివారం నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు.

ఈ రెండు రోజుల్లోనే నేను తప్పు చేశాను. శనివారం సాయంత్రం, మా వైఫైలో ఏయే ఫోన్లు కలిసున్నాయో రౌటర్ చూపే జాబితా ఇంకా కంటితో చూడకుండానే, మెట్లెక్కి పైకి వెళ్ళాను. ఇద్దరిలో ఒకబ్బాయి పుంగనూరు వైపు, ఇంకొకబ్బాయి మదనపల్లె. పుంగనూరు అబ్బాయి తలుపు తీశాడు. "బాబూ, మా వైఫై మీరేమైనా వాడుతున్నారా" అని అడిగాను. గొంతు పెంచలేదు, మామూలుగానే అడిగాననుకున్నాను, కానీ అడిగిన తీరు అడిగిన తీరే. ఆ అబ్బాయి ఒక్క క్షణం నన్నే చూశాడు. "అక్కా, మేము చేరినప్పటి నుంచి మీ పాస్‌వర్డ్ అడగనే లేదు కదక్కా" అని ఫోన్ తీసి వైఫై పేజీ నా ముందు పెట్టాడు. మా వైఫై పేరు అందులో ఉంది, కానీ పక్కన తాళం గుర్తుతో, ఎప్పుడూ కలవని పేరుగా. వెనక నుంచి రెండో అబ్బాయి కూడా తన ఫోన్ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు, నేను అడక్కుండానే. "సరేలే నాయనా, ఊరికే అడిగాను" అని దిగి వచ్చేశాను. దిగుతుంటే కాళ్ళు బరువెక్కాయి. అయినా మనసులో అనుమానం పూర్తిగా పోలేదు, చూపించిన ఫోన్ కాక ఇంకోటి ఉందేమో అనుకున్నాను. ఆదివారం పొద్దునే ఇద్దరూ బ్యాగులు తగిలించుకుని ఊరికి వెళ్ళిపోయారు.

జూన్ 9, సోమవారం మధ్యాహ్నం వాట్సాప్‌లో పాస్‌వర్డ్ వచ్చింది. అది 'యూజర్' లాగిన్ మాత్రమే. దాంతో జాబితా చూడొచ్చు, ఏదైనా ఫోన్‌ని ఆపొచ్చు, కానీ మా రౌటర్‌లో వైఫై పేరు, పాస్‌వర్డ్ మార్చే చోటు బూడిద రంగులో ఉండి కదలదు. అది మార్చాలంటే వాళ్ళ మనిషి రావాలి, 200 రూపాయలు, శనివారం దాకా ఖాళీ లేదన్నారు.

ఆ రాత్రి తొమ్మిదికి బ్రేక్‌లో ల్యాప్‌టాప్‌లోనే తెరిచాను. 19 పేర్లు.

పైన ఉండే పిల్లలు ఊళ్ళో లేరు. కింద మేం నలుగురం. 19 పేర్లు. ఒంట్లో ఏదోలా అయింది. పేర్లంటే నిజంగా మనుషుల పేర్లు కావు. కొన్ని రెడ్‌మీ, వివో, గెలాక్సీ అని ఉన్నాయి, కొన్నిటికి పేరే లేదు, అంకెలూ అక్షరాలూ కలిసి పన్నెండు, రెండేసి చొప్పున కోలన్ (:) గుర్తులతో విడదీసి ఉన్నాయి. అదే మ్యాక్ అడ్రస్ అంటారు. మా సొంతవి ఎన్నో రాద్దామని క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి రాశాను. నా ఫోన్, ఆయన ఫోన్, అత్తయ్య ఫోన్, ల్యాప్‌టాప్, ట్యాబ్, టీవీ, రెండు సీసీ కెమెరాలు. ఎనిమిది. అంటే పదకొండు మంది బయటివాళ్ళా?

ఇక్కడ చాలామంది తికమకపడతారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. జాబితా తెరవడం కష్టం కాదు, అందులో మనవాటిని గుర్తుపట్టడమే కష్టం. నా ఫోన్ మ్యాక్ అడ్రస్ సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్'లో చూశాను, అది ఆ 19లో ఎక్కడా లేదు! నా చేతిలో ఉన్న ఫోన్ జాబితాలో లేదంటే నాకు బుర్ర పని చేయలేదు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లలో ఐఓఎస్ 14 నుంచి, ఫోన్ తన అసలు అడ్రస్ చెప్పదు, ఒక్కో వైఫైకి ఒక్కో మారు అడ్రస్ చూపిస్తుంది. అది కావాలంటే వైఫై పేరు మీద నొక్కి ఆ వివరాల్లోనే చూడాలి. ఇంకో గుర్తు కూడా ఉంది, అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, ఎ (A), ఇ (E) వీటిలో ఏదైనా అయితే అది మారు అడ్రస్. ఇది తెలిశాక మా ఫోన్లన్నీ దొరికాయి.

తర్వాత ఫింగ్ అనే యాప్ వేసి చూశాను, అది ఒక్కో అడ్రస్ ఏ కంపెనీదో చెబుతుంది. అందులో 'ఎస్‌ప్రెసిఫ్' అని ఒకటి కనిపించింది. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. రాత్రి పదకొండు, ఇంట్లో అందరూ పడుకున్నారు, నేను ఒక్కదాన్నే ఆ పేరు చూస్తూ ఎవరో మా కెమెరాలు చూస్తున్నారేమోనని వణికిపోయాను. లేచి వెళ్ళి లోపలి కెమెరాను గోడ వైపు తిప్పాను. తీరా అది గీజర్‌కి పెట్టిన స్మార్ట్ ప్లగ్. మా మరిది పోయిన దీపావళికి తెచ్చిపెట్టాడు, ఫోన్‌లోంచి గీజర్ ఆన్ చేసుకోవచ్చని. ఇలాంటి చిన్న ప్లగ్గులు, బల్బుల్లో ఉండే చిప్పు ఆ కంపెనీది, అందుకే ఆ పేరు వస్తుంది. మీ జాబితాలో కూడా ఆ పేరు కనిపిస్తే ముందు ఇంట్లో ప్లగ్గులూ బల్బులూ వెతకండి, నాలాగా రాత్రంతా భయపడకండి.

మిగతావి ఒక్కోటి ఆపి చూద్దామనుకున్నాను. ప్రింటర్ స్విచ్ తీశాను, పేజీ రీఫ్రెష్ చేశాను, అయినా జాబితా అలాగే ఉంది. టీవీ తీశాను, అలాగే ఉంది. గంట పోయింది దీంతోనే. నేను చూస్తున్నది డీహెచ్‌సీపీ జాబితా. రౌటర్ ఒకసారి ఒకరికి ఒక నంబర్ ఇచ్చిందంటే ఆ గడువు అయ్యేదాకా, మాదాంట్లో 24 గంటలు, వాళ్ళు వెళ్ళిపోయినా పేరు ఉంచుతుంది. ఈ క్షణం ఎవరు కలిసి ఉన్నారో చూపే పేజీ వేరే ఉంది, వైఫై స్టేటస్ లోపల. అది తెరిచాక పని తేలికైంది. ప్రింటర్ దొరికింది. ఇంకొకటి అత్తయ్య పూజ గదిలో సుప్రభాతం పెట్టుకునే మా ఆయన పాత ఫోన్, దాని సంగతే మర్చిపోయాం. అలా మావి పదకొండు అని తేలింది. మిగిలింది ఎనిమిది.

ఎనిమిదింటినీ ఆపేశాను. మంగళవారం తెల్లవారుజామున పడుకునేటప్పుడు ఆ హాయి వేరు. మధ్యాహ్నం లేచేసరికి టాప్‌అప్ 100 జీబీ అయిపోయిందని మెసేజ్. శుక్రవారం వేసింది, మంగళవారానికి ఖాళీ. మళ్ళీ 118. ఆ సాయంత్రం ఏడింటికి జాబితా తెరిస్తే ఆరు కొత్త పేర్లు. నేను ఆపినవి ఒక్కటీ లేదు, అన్నీ కొత్తవే.

మా ఆయన విసుగ్గా, "శనివారం వాళ్ళొచ్చి పాస్‌వర్డ్ మార్చేస్తారు కదా, వదిలేయ్" అన్నాడు. నేను వదల్లేదు. పాస్‌వర్డ్ బయటికి ఎట్లా పోయిందో తెలియకుండా మారిస్తే కొత్తది కూడా అదే దారిలో పోతుంది కదా. ఇంకొకటి, నాకు లోపల భయం పట్టుకుంది. ఆ ముక్కూమొహం తెలియని ఫోన్లు ఏం చూస్తున్నాయో, ఏం పంపుతున్నాయో మాకు తెలియదు, రేపు ఏదైనా తప్పు జరిగితే కనెక్షన్ మా ఆయన పేరు మీద ఉంది. లా చదివిన మా పెదనాన్న కొడుకుని అడిగితే, అనుమతి లేకుండా ఇంకొకరి నెట్‌వర్క్‌లో చొరబడటం ఐటీ చట్టం 2000లో సెక్షన్ 43 కిందికి వస్తుందని, మోసపు ఉద్దేశంతో చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ళ దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ అని చెప్పాడు. "కానీ ముందు ఎవరో చూడు, మీవాళ్ళే ఇచ్చుంటే అది చొరబాటు ఎట్లా అవుతుంది" అన్నాడు. డబ్బు పోయే సైబర్ మోసమైతే 1930కి ఫోన్ చేయమన్నాడు, మాది ఆ రకం కాదు.

మంగళ, బుధవారాలు రెండు రాత్రులు కాపు కాశాను. ఎలాగూ మేలుకునే ఉంటాను. గంటకోసారి తెరిచి క్యాలెండర్ వెనక రాశాను. మంగళవారం రాత్రి తొమ్మిదికి ఆరుగురు, పదకొండుకి తొమ్మిది మంది, ఒంటిగంటకు ఏడుగురు, మూడింటికి ఇద్దరు, నేను లాగౌట్ అయ్యేసరికి ఒక్కటే. బుధవారం రాత్రీ దాదాపు అదే లెక్క, కానీ మంగళవారం చూసిన పేర్లలో ఒకే ఒక్క వివో తప్ప ఏదీ తిరిగి రాలేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. రోజూ కొత్తవాళ్ళు. సాయంత్రం వస్తారు, రాత్రంతా ఉంటారు, తెల్లవారుజామున రెండు మూడు మధ్య లేచి వెళ్ళిపోతారు. మర్నాడు ఇంకో గుంపు. తిరుపతిలో పుట్టి పెరిగినదాన్ని, రెండింటికి లేచి స్నానాలు చేసి ఎవరు బయల్దేరతారో నాకు ఒకరు చెప్పాలా? కొండకు పోయేవాళ్ళు.

అయితే ఎక్కడి నుంచి? మా వైఫై స్టేటస్ పేజీలో ప్రతి ఫోన్ పక్కన సిగ్నల్ అని మైనస్ అంకె ఉంటుంది. రౌటర్ దగ్గర నా ఫోన్‌కి మైనస్ 41. దూరం పోయేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. ఈ కొత్తవాళ్ళందరికీ 74 నుంచి 83 మధ్య ఉంది. జూన్ 12, గురువారం సాయంత్రం, బడులు తెరిచిన రోజు, మావాడు ఇంటికి రాగానే ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. వాడు నా ఫోన్ అంకె చూసి కిటికీలోంచి అరుస్తాడు, నేను ఫోన్ పట్టుకుని నడుస్తాను. పైన పిల్లల తలుపు ముందు నిలబడితే "అరవై రెండు" అన్నాడు. వీధి గేటు దగ్గర అరవై ఎనిమిది. ఇంటి పక్క సందులోకి వచ్చి, నాలుగడుగుల సందు అది, పక్కింటి గోడకు ఆనుకుని నిలబడితే "డెబ్బై ఆరు అమ్మా!" అని అరిచాడు. అదే గోడకి అవతల మూడు కిటికీలు, ఒకదాంట్లోంచి తడి పంచెలు ఆరేసి ఉన్నాయి.

పక్కింటాయన ఈ ఏడాది మొదట్లో ఇల్లు నాలుగు గదులుగా చేసి యాత్రికులకు బాడుగకిస్తున్నాడు. తెలుసు. రోజూ గేటు ముందు బ్యాగులు, పిల్లలు, గుండ్లు చేయించుకున్నవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. కానీ ఆ రెంటినీ కలిపి ఆలోచించలేదు.

ఇంట్లోకి వచ్చి అత్తయ్యను అడిగాను, పక్కింట్లో ఎవరికైనా వైఫై ఇచ్చామా అని. ఆమె వెంటనే చెప్పింది, దాచలేదు. "ఏప్రిల్‌లో ఇచ్చినా మా. ఒంగోలు నుంచి ముసలాయన వచ్చినాడు, ఫోన్‌లో టికెట్ తెరుచుకోలేదని గేటు కాడ ఏడుస్తా ఉన్నాడు. ఆ రూముల పిల్లోడు వచ్చి అడిగినాడు. మనవడు ఫోన్‌లో ఏదో చదరం చూపించినాడు, వాడు ఫోటో తీసుకున్నాడు. తప్పా?" మావాడు తల వంచుకుని నిలబడ్డాడు. నేనేం అనగలను? ఆ చోట నేనున్నా ఇచ్చేదాన్నే.

ఆ చదరమే క్యూఆర్. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై 'షేర్' నొక్కితే వస్తుంది. దానిలో ఏ రహస్యం దాగి ఉండదు, వైఫై పేరూ పాస్‌వర్డూ మామూలు అక్షరాల్లోనే ఉంటాయి, స్కాన్ చేసే ఏ యాప్‌తో అయినా చదవొచ్చు. ఫోటో తీసుకున్నారంటే తాళంచెవికి నకలు తీసుకున్నట్టే, పాస్‌వర్డ్ మార్చేదాకా పని చేస్తుంది.

నేను, మా ఆయన పక్కింటికి వెళ్ళాం. గదుల కుర్రాడు కింద గదే తెరిచి చూపించాడు, అప్పుడే ఖాళీ అయింది, ఊడుస్తున్నాడు. తలుపు వెనక లామినేషన్ చేయించిన కాగితం మేకుకు వేలాడుతోంది. పైన పెద్ద అక్షరాల్లో 'ఫ్రీ వైఫై', మధ్యలో ఆ చదరం, దాని కింద మా నెట్‌వర్క్ పేరు. మా నెట్‌వర్క్‌కి మావాడి పేరే పెట్టుకున్నాం. వాడి పేరు, ఎవరెవరో వచ్చిపోయే గదిలో, చెక్ అవుట్ టైము పక్కన. కాగితం మూల మీద ఎవరిదో కుంకుమ వేలిముద్ర ఉంది. నాలుగు గదుల్లోనూ ఇదే. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపమో ఏమో నాకే తెలియలేదు.

ఆ కుర్రాడు భయపడిపోయాడు. జాబితాలో ఆ రెండు రాత్రులూ కనిపించిన వివో వాడిదే. "పెద్దమ్మ ఇచ్చింది కదక్కా, అందరికీ ఇచ్చినట్టే అనుకున్నా" అన్నాడు, వాడి వయసు పంతొమ్మిదో ఇరవయ్యో. వాడి మీద కోపం నిలవలేదు. ఓనరు మీద మాత్రం వచ్చింది. ఆయన "మీరు ఒప్పుకున్నారనుకున్నానమ్మా, నెలకింత అని మాట్లాడుకుందాం" అన్నాడు. రెండు నెలలుగా గదికి రోజుకింత తీసుకుంటూ, ఫ్రీ వైఫై అని బోర్డు పెడుతూ, అది ఎవరి కనెక్షనో ఒక్కసారి గోడ దాటి వచ్చి అడగలేదు. మాట్లాడుకునేదేం లేదు, మీరు సొంతంగా పెట్టించుకోండి అని చెప్పి, నాలుగు కాగితాలూ మేమే తీసుకుని వచ్చేశాం. పోలీసుల దాకా వెళ్ళలేదు. ఇచ్చింది మా ఇంటివాళ్ళే కదా.

జూన్ 14, శనివారం సాయంత్రం నాలుగింటికి నెట్ కుర్రాడు వచ్చాడు. ఈసారి పక్కనే కూర్చుని అన్నీ చేయించాను. పాస్‌వర్డ్ ఒక్కటే కాదు, నెట్‌వర్క్ పేరు కూడా మార్చాం, మావాడి పేరు తీసేశాం. రౌటర్ లోపలికి వెళ్ళే పాస్‌వర్డ్ వేరుగా మార్పించాను. డబ్ల్యూపీఎస్ అని ఒకటి ఉంటుంది, బటన్ నొక్కితే పాస్‌వర్డ్ లేకుండా కలిసేది, అది ఆపించాను. పాస్‌వర్డ్‌కి ఎనిమిది అక్షరాలు తప్పనిసరి, 63 దాకా పెట్టుకోవచ్చు. మాది పాతది సరిగ్గా ఎనిమిదే, ఇప్పుడు ఒక తెలుగు వాక్యం ఇంగ్లీష్ అక్షరాల్లో, ఇరవై రెండు.

మార్చడానికి పది నిమిషాలు పట్టింది. మళ్ళీ అన్నీ కలుపుకోవడానికి మూడు గంటలు. ఇది ఎవరూ చెప్పరు. టీవీ రిమోట్‌తో ఇరవై రెండు అక్షరాలు ఒక్కోటీ బాణం గుర్తులతో వెతుక్కుని కొట్టడం, చివర్లో ఒకటి తప్పైతే మళ్ళీ మొదటి నుంచి. కెమెరాలు అసలు కలవలేదు. వైఫై సిగ్నల్ 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్ల మీద, అంటే రెండు దారుల్లో వస్తుంది. మా కెమెరాలు 2.4 మీదే పని చేస్తాయి, మా రౌటర్‌లో రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టడంతో తికమకపడ్డాయి. 5 గిగాహెర్ట్జ్ కాసేపు ఆపి, మా ఆయన స్టూల్ ఎక్కి సన్నటి పిన్నుతో రీసెట్ చేసి, ఫోన్‌లో క్యూఆర్‌ని కెమెరా కంటి ముందు పట్టుకుంటే, నాలుగోసారికి 'టింగ్' అంది. రాత్రి ఏడయింది. గీజర్ ప్లగ్ మర్నాడు చేసుకున్నాం.

గెస్ట్ నెట్‌వర్క్ కూడా పెట్టించాను. వచ్చినవాళ్ళకి ఇచ్చేది అదే, దాని పాస్‌వర్డ్ ప్రతి ఆదివారం మారుస్తున్నాను, ఇప్పుడు ఆ లాగిన్ నా దగ్గరే ఉంది. అత్తయ్యకు ఆ కాగితం ఇచ్చి, "ఎవరైనా పాపం అనిపిస్తే ఇది ఇవ్వండి, మీరు ఇవ్వకుండా ఉండలేరు" అన్నాను. ఆమె దాన్ని పూజ గదిలో పటాల వెనక పెట్టుకుంది.

టాప్‌అప్‌లు రెండు 236, ఫోన్ డేటా ప్యాక్‌లు 98, కుర్రాడికి 200, మొత్తం 534 రూపాయలు చేతి నుంచి పోయింది. ఒకటిన్నర రాత్రి జీతం అదనం. జూన్ 15 నుంచి 30 దాకా మా వాడకం చూస్తే 96 జీబీ. రాత్రుళ్ళు పని చేసుకుంటూ అప్పుడప్పుడూ ఇప్పటికీ ఆ పేజీ తెరుస్తాను, పదకొండు పేర్లూ వరసగా ఉంటే మళ్ళీ మూసేస్తాను.

పైన పిల్లలు జూన్ 16న తిరిగొచ్చారు. ఆ సాయంత్రమే మెట్లెక్కి వెళ్ళాను. "ఆ రోజు నేను అడిగింది తప్పు, మీరు కాదని తేలింది. మనసులో పెట్టుకోవద్దు నాయనా" అన్నాను. "అయ్యో అదేం లేదక్కా" అని పుంగనూరు అబ్బాయి నవ్వాడు. గెస్ట్ పాస్‌వర్డ్ రాసిన చీటీ చేతిలో పెట్టి, చదువుకోవడానికి వాడుకోండి అన్నాను. సరేనక్కా అని తీసుకుని తలుపు పక్కన గోడకి అంటించాడు, మెట్ల మీది నుంచి చూస్తే ఇప్పటికీ కనిపిస్తుంది. ఆదివారం ఆదివారం కొత్తది రాసి పంపుతున్నాను కూడా. వాళ్ళ ఫోన్ మాత్రం ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఆ జాబితాలో కనబడలేదు.